చిన్నత్తది పిచ్చి కాదు

నా చిన్నప్పుడు నిజామాబాద్‌లో మా ఇంటిల్లిపాదీ బీడీలు చుట్టేవాళ్లం. పిల్లలకు మొదట చుట్టిన బీడీ మూతి మడవడం నేర్పేవారు. చేయి తిరిగాక దారం కట్టడం, ఆ తర్వాతెప్పుడో ఆకు కత్తిరించి చుట్టడం. నాన్నను మేం బాపు అనేవాళ్లం. బాపు చెల్లెలైన మా చిన్నత్తకు పెళ్లీడు వచ్చేదాకా ఆ మూతి మడవడమే రాలేదు. మాటలూ చిన్నపిల్ల మాటలే. గల్లీలో అందరూ పిచ్చిది అనేవారు.

బోధన్‌లో ఉండే పెద్దనాన్న ఇంట్లో పెళ్లి జరిగింది. బ్యాండు మోతకు జడుసుకుని చిన్నత్త పందిట్లోనే నేలమీద పొర్లి ఏడ్చింది. ఇంకేముంది, గాలి సోకిందన్నారు. రాష్ట్రం సరిహద్దు అవతల ఏదో ఊళ్లో గొలుసుతో కట్టేసి గాలి వదిలిస్తారని ఎవరో చెప్పారు. ఆమెను అక్కడికి తీసుకుపోవడానికి పెద్దనాన్న వచ్చాడు. చెడ్డవాడేం కాదు, పాపం, నలుగురి మాటలకు విసిగిపోయాడు. బాపు కూడా సరేనన్నాడు. చిన్నత్త పోతే ఆటలో నాకు జతెవరు? నాకు ఏడుపొక్కటే తక్కువ.

మా అవ్వ, అంటే బాపు వాళ్లమ్మ, వాదించలేదు. చుట్టిన బీడీలున్న చాట తెచ్చి కూతురి ఒళ్లో పెట్టి, పెద్దకొడుకును ఎదురుగా కూర్చోబెట్టింది. చిన్నత్త నాలుక బయటపెట్టి, ఒక్కో బీడీ మూతినీ మెల్లగా మడిచింది. కొన్ని చిరిగాయి. చాలావరకు బాగానే వచ్చాయి.

"పోయినేడు గిది గుడ రాకుండె బిడ్డా. ఇప్పుడొచ్చింది. గాలి వట్టినోళ్లు గిట్ల నేర్సుకుంటరా?" అంది అవ్వ. "పిచ్చంటే నడుమల వస్తది. ఇది పుట్టినకాడికెల్లి గిట్లనే ఉన్నది. దీని ఎదుగుడే నిమ్మలం, మెల్లగయితది. గొలుసేస్తే ఎదుగుతదా?"

"మరి అందరడిగితే ఏం చెప్పాలె అవ్వా?" అన్నాడు పెద్దనాన్న.

"గిదే చెప్పు. మళ్లడిగితే మళ్ల చెప్పు."

పెద్దనాన్న టీ తాగి, ఒక్కడే బస్సెక్కాడు.

ఇప్పుడు చిన్నత్త నా దగ్గరే ఉంటోంది. మొన్న దవాఖానలో డాక్టరమ్మ దీన్ని ఎదుగుదల వైకల్యం అంటారని చెప్పింది. మాట, బుద్ధి, పనులు నేర్చుకోవడం పసితనం నుంచే నెమ్మదిగా సాగుతాయట. జ్వరంలా తగ్గిపోయేది కాదట, జీవితాంతం ఉంటుందట. ఇన్నాళ్లకు ఒక మర్యాదైన పేరు దొరికిందని సంబరపడ్డాను. బయటికి రాగానే బల్లమీద కూర్చున్నావిడ చిన్నత్తను చూసి, "పిచ్చా?" అని అడిగింది. అబ్బ, ప్రాణం ఉసూరుమంది. ఎంతమందికని చెప్పను? అయినా మోకాళ్లు పట్టుకుని ఆమె పక్కన కూర్చుని, మొదటి నుంచీ చెప్పాను.

అలసిపోయాను, నిజం. కానీ నేను పోయాక ఎవరైనా అడిగితే చిన్నత్త తన గురించి తాను చెప్పుకోలేదు. అందుకే ఓపిక ఉండగానే కనబడ్డవాళ్లందరికీ చెప్పిపెడుతున్నాను.