చెవులు వాల్చిన కుందేలు

రెబుర్రుస్ మొండిఘటమని రోము టంకశాలలో అందరికీ తెలుసు. ముప్పై ఏళ్ళుగా అక్కడ బంగారు నాణేలకు అచ్చులు చెక్కుతున్న బానిస. అక్షరాలనైనా ముఖాలనైనా అద్దంలో కనిపించినట్టు తిరగేసి చెక్కడంలో అతని చేతికి తిరుగులేదు.

ఆ ఏడు ఏలికల ఆజ్ఞ వచ్చింది, ఒక్కో దేశం పేరున ఒక్కో నాణెం వేయాలని. హిస్పానియాకు కొమ్మ పట్టుకుని ఒరిగి కూర్చున్న ఒక స్త్రీ, ఆమె కాళ్ళ దగ్గర ఓ కుందేలు. ఆ మాట చెవిన పడగానే రెబుర్రుస్ ఈ అచ్చు తనదేనని పట్టుబట్టాడు. పుట్టింది ఆ దేశంలోనే. తల్లి కుందేళ్ళకు వలలు పన్నేది. తొమ్మిదో ఏట అతన్ని ఎవరో ఎత్తుకుపోయి అమ్మేశారు.

మొదటి అచ్చు నూరు దెబ్బలకే పగిలింది. రెండోదీ అంతే. నిక్కిన చెవులకూ స్త్రీ మోకాలికీ నడుమ మిగిలిన లోహం మరీ పలచన.

పెత్తందారు నికేఫొరుస్‌కు ఒళ్ళు మండింది. "ఒరే, ఇదే ఆఖరు. మళ్ళీ పగిలిందో, కుందేలు లేదు గిందేలు లేదు, ఉత్త కొమ్మే. అయినా అది కుందేలా, గాడిదపిల్లా?"

తోటివాళ్ళు పగలబడి నవ్వారు. రెబుర్రుస్‌కు గుండె కోసినట్టయింది. ఆ దేశం నుంచి అతనికి మిగిలిందల్లా ఆ కుందేలే, దాన్ని ఎవరికీ వదులుకోదలచుకోలేదు. నాలుగు రోజులు పనిముట్టు ముట్టలేదు. అమ్మ వెనకాల గడ్డిలో బోర్లా పడుకుని చూసిన కుందేళ్ళను ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాడు. ఐదో రోజు ఉలి పట్టాడు.

కొత్త అచ్చు సిద్ధమయ్యాక, కాల్చిన బంగారు బిళ్ళ మీద సుత్తి పడింది. వంద, మూడు వందలు, వెయ్యి. పొద్దు వాలేదాకా కొట్టినా అచ్చు చెక్కుచెదరలేదు.

నికేఫొరుస్ నాణేన్ని వెలుతురుకు పట్టి చూశాడు. కుందేలు చెవులు వీపు మీదికి వాలి ఉన్నాయి.

"చెవులు పడుకోబెట్టావేంరా?"

"బెదిరితేనే నిక్కుతాయయ్యా. ఇది సొంత నేల మీదుంది."

పెత్తందారు ఆ నాణేన్ని తక్కినవాటిలో వేశాడు. కుందేలు నిలిచింది. రెబుర్రుస్ సంతోషంగా చేతులు కడుక్కుని ఇంటిదారి పట్టాడు.

బంగారం దాచారేమోనని టంకశాల గుమ్మం దగ్గర పనివాళ్ళ నోళ్ళు వెతుకుతారు. వెనక కావలివాడి అడుగుల చప్పుడు వినగానే రెబుర్రుస్ మెడ బిగుసుకుంది. వాడు పిలవకముందే ఆగి, నోరు తెరిచి నిలబడ్డాడు.