మంచు చాటున రేకుల ఇల్లు

సింగపూరు చూసిన మనవాళ్ళు పక్షుల పార్కు గురించీ, సెంతోసా దీవి గురించీ చాలానే రాశారు. చీనా పద్ధతిలో చుట్టగా చుట్టిన ఫొటో గురించి ఎవరూ రాసినట్టు లేదు. ఈ విషయం మీద గ్రంథాలయంలో దొరికిన పుస్తకాలన్నీ నేను చదివాను. వాటిలో ఉన్నది ఒకటి, ఆ శనివారం నేను చూసింది ఇంకొకటి. అవే పుస్తకాలు చదివి వెళ్ళే తెలుగువారికి ఆ తేడా తెలియాలని ఇది రాసిపెడుతున్నాను.

నేను తంజోంగ్ పగార్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌ని. ఉండేది పుంగ్గోల్‌లో, నరసమ్మ ఆంటీ ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకుని. ఆంటీ తాతలు తెల్లదొరల కాలంలో విశాఖపట్నం వైపు నుంచి రబ్బరు తోటల పనికి వచ్చినవారు. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ పుంగ్గోల్ సముద్రపు ఒడ్డునే. తెలుగు మాట్లాడతారు గానీ చదవడం రాదు. మా ఆఫీసులో పనిచేసే మెయ్ లింగ్ ఒకరోజు వాళ్ళ పెదనాన్న ఓంగ్ గారి ప్రదర్శన గురించి చెప్పింది. ఆయన పాతకాలపు ఫొటోగ్రాఫరు. తాను తీసిన కొండలూ తీరాలూ చీనా చిత్రాల్లాగే చుట్టలుగా, మడత పుస్తకాలుగా కట్టి పెట్టారట. వాటిలో ఫ్లాట్లు కట్టకముందటి పుంగ్గోల్ తీరం కూడా ఉందట.

ఆ మాట ఆంటీ చెవిన వేశాను.

"నన్నూ తీసుకెల్లు బావూ. మా నాన్న కట్టిన ఇల్లు ఒక్క ఫొటోలోనూ లేదు. కెమెరా మాకెక్కడిదీ ఆ రోజుల్లో? ఇందులో ఉంటాది," అన్నారావిడ. సర్కారు ఆ నేల తీసుకున్నాక ఇల్లు పోయింది. ఇప్పుడు ఆ చోట ఏముందో ఆవిడకే సరిగ్గా తెలియదు.

పొద్దున్న తొమ్మిదిన్నరకు ఇంటి దగ్గర డ్రైవరు లేని చిన్న రైలెక్కి పుంగ్గోల్ స్టేషనుకు వచ్చాం. అక్కడి నుంచి ఊదారంగు లైను. అది అక్కడే మొదలవుతుంది కాబట్టి కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. ఎదుటి సీటులో ఉన్న తమిళ పెద్దాయన ఆంటీ కట్టుకున్న పట్టుచీర చూసి, పెళ్ళికా అని అడిగాడు.

"పుంగ్గోల్ చూడ్డానికి," అని తమిళంలో బదులిచ్చారు ఆంటీ.

"పుంగ్గోల్ వెనకాల ఉందమ్మా, మీరు ఎదురు రైలెక్కారు!"

ఆంటీ నవ్వారే గానీ విడమరిచి చెప్పలేదు. ఊట్రం పార్కులో దిగి పచ్చరంగు లైనుకు మారితే, మా ఆఫీసున్న తంజోంగ్ పగార్ ఒక్క స్టేషనే. మొత్తం గంటలోపు ప్రయాణం. స్టేషను పక్క హాకర్ సెంటర్‌లో, అంటే చిన్న చిన్న తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే శాలలో, ఇక్కడి అలవాటు ప్రకారం కాగితపు రుమాళ్ళ పొట్లం బల్ల మీద పడేసి చోటు పట్టుకున్నాం. శనివారం కాబట్టి ఆంటీ నీచు ముట్టరు. చెరో రెండు తోసై, అంటే మన దోసెలే, తిని, తే అనే ఇక్కడి పాల టీ తాగాం. తినేటప్పుడు నేను చదివింది చెప్పాను: చుట్టను కుడి నుంచి ఎడమకు, మూరెడు విప్పుతూ మూరెడు చుడుతూ చూడాలి, అంతా ఒక్కసారి పరిచి చూడటం మర్యాద కాదు, దాన్ని చూడటమంటే నడిచి వెళ్ళినట్టే.

"నడుస్తాను గానీ, మా ఇంటి కాడ ఆపుతారా?" అన్నారు ఆంటీ.

ప్రదర్శన ఒక పాత దుకాణపు ఇంటి మేడ మీద. ప్రవేశం ఉచితం. మెట్లు నిటారుగా ఉంటాయి, పెద్దవాళ్ళను తీసుకెళ్ళేవారు ముందే చూసుకోవాలి. గోడలకు నిలువు చుట్టలు వేలాడుతున్నాయి, పట్టు అంచుల నడుమ కొండలూ వాటి కింద చీమంత మనుషులూ. గాజుపెట్టెలో మడత పుస్తకం ఉంది, ఒక పేజీలో ఫొటో, ఎదుటి పేజీలో కుంచెతో రాత. ఇవి ఫొటోలని దగ్గరికి వెళితే గానీ తెలియదు. మధ్యలో పొడుగాటి బల్ల. మెయ్ లింగ్ మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళి ఓంగ్ గారికి పరిచయం చేసింది. సన్నగా, తెల్ల చొక్కాలో ఉన్నారు. ఆంటీ ఆయనతో మలయ్‌లో మాటలు కలిపేసరికి, ఇక మధ్యలో నా ఇంగ్లీషుతో పనిలేకపోయింది.

ఆయన చుట్ట విప్పడం మొదలుపెట్టారు. బురద ఒడ్డు, మడ చెట్లు, కట్టేసిన పడవలు. ఆంటీ ఒక్కొక్కటీ గుర్తుపట్టి చెబుతున్నారు: "ఇది జెట్టీ. ఇదిగో, ఈ కొబ్బరి సెట్టు పిడుగు పడినాది. ఇంక మాదే, సూడు." ఓంగ్ గారు ఇంకొక మూర విప్పారు. అక్కడ అంతా పొగమంచు. తెల్లగా, మెత్తగా, పడవల మీద నుంచి చెట్ల దాకా పాకిన మంచు. ఆ తరువాత మళ్ళీ సముద్రం.

ఖాళీ జాగానే చిత్రానికి ఊపిరి అని పుస్తకాల్లో చదివాను. అదే గొప్పగా చెప్పబోయాను.

"నువ్వుండు బావూ," అని ఆంటీ ఓంగ్ గారి వైపు తిరిగి, "మనా రుమా?" అన్నారు. ఇల్లేదీ అని.

ఆయన చెప్పింది ఆంటీ నాకు తెలుగులో చెప్పారు. ఫొటోలో ఇల్లుంది. రేకుల కప్పూ, పక్కన కరెంటు స్తంభమూ దృశ్యానికి అడ్డమనిపించి, ప్రింటు వేసేటప్పుడు ఆ చోట వెలుగు పడకుండా చెయ్యి అడ్డుపెట్టి తెల్లగా చేశారు. చీనా చిత్రంలో రేకులుండవు కదా అన్నారట. నెగెటివ్ భద్రంగా ఉంది, ఇల్లు మాత్రం వేరే ప్రింటు వేసి ఇస్తామన్నారట.

"అక్కర్లేదు," అన్నారు ఆంటీ. "నా గోడకెడితే నాను సూస్తాను. ఇందులో ఉంటే వచ్చినోలందరూ సూస్తారు. ఇందులో ఎయ్యమను."

చుట్టలో అతికించిన ఫొటోను ఊడదీస్తే చిరిగిపోతుందని ఓంగ్ గారు తల అడ్డంగా ఊపారు. ఆంటీ సంచీ భుజానికి తగిలించుకున్నారు. అప్పుడు నాకు చుట్ట చివర ఉండే తెల్లకాగితం గుర్తొచ్చింది. చూసినవారు తమ మాట రాయడానికే దాన్ని వదులుతారు. ఆంటీకి చెప్పాను. ఓంగ్ గారిని అడిగాను. ఆయన చుట్టను చివరిదాకా విప్పి చూపించారు. మిత్రులిద్దరు రాసిన నిలువు వరుసలున్నాయి, మిగతాదంతా ఖాళీ.

"పద్యమా?" అని అడిగారు ఇంగ్లీషులో.

"పోయెమ్ కాదు లా. అడ్రస్," అన్నారు ఆంటీ, ఇక్కడివాళ్ళ మాట చివరి "లా" తగిలించి.

ఓంగ్ గారు గట్టిగా నవ్వి సిరా నూరారు. ముందు చిత్తుకాగితం మీద నాచేత అక్షరాలు దిద్దించారు. కుంచెతో తెలుగు గుండ్రాలు తిప్పడం చాలా కష్టం. ఆంటీ చెబుతుంటే నేను "కుటీరము" అని మొదలుపెట్టి పైకి చదివాను.

"కుటీరం ఏటి? ఇల్లు అని రాయి. నాను సెప్పిందే రాయి."

అలాగే రాశాను. "ఆ తెల్లగా ఉన్నది మంచు కాదు. మా ఇల్లు. మా నాన్న అప్పలసామి కట్టినాడు. రేకుల కప్పు. పక్కన కరెంటు స్తంభం, సంధ్యేళ మేం దాని కింద కూకునేవోళ్ళం."

చీనా పద్ధతిలో రాసినవారు కింద తమ ముద్ర వేయాలి. ఆంటీకి ముద్ర లేదు కాబట్టి ఎర్రరంగులో బొటనవేలు అద్దమన్నాను.

"నానేటి ఏలిముద్ర మనిషినా? ఇంగ్లీషు బడికెల్లినాను!" అని కుంచె లాక్కుని ఇంగ్లీషులో సంతకం చేశారు. అర్థం చెప్పించుకున్నాక ఓంగ్ గారు ఆంటీతో ఏదో అన్నారు. ఇకమీదట మంచు దగ్గర ఆగి, ముందు ఈ చివర చూపించి, అప్పుడు వెనక్కి వస్తారట. కుడి నుంచి ఎడమకు అని పుస్తకాలు చెప్పినా, మీరు వెళ్ళినప్పుడు ఇలాగే చూపించమని అడగండి.

తిరుగు రైల్లో రద్దీ. ఇద్దరం నిలబడే వచ్చాం. ఈ దారి కట్టినవారికీ, పుస్తకాలు వెతికిచ్చిన గ్రంథాలయం కల్యాణి గారికీ, కబురు చెప్పిన మెయ్ లింగ్‌కూ, కాగితమిచ్చిన ఓంగ్ గారికీ నా కృతజ్ఞతలు. నరసమ్మ ఆంటీకి మరీ ముఖ్యంగా. పుంగ్గోల్ దగ్గరపడుతుండగా ఆవిడ నా చెయ్యి తట్టి, "నాకు తెలుగు సదవడం రాదు కదా, ఏటి రాసినావో సెప్పు," అన్నారు. పైకే చెప్పాను. "స్తంభం కూడా రాసినావా?" అన్నారు. రాశానన్నాను. మళ్ళీ మొదటి నుంచి చెప్పమన్నారు.