కడగని నాలుగో సంపుటం

వసుమతికి కోపం తొందరగా రాదు. వచ్చిందంటే మాత్రం ఒక పట్టాన పోదు. 1981లో వచ్చిన కోపమైతే అసలు పోనే లేదు, పోకపోవడమే న్యాయం కూడాను.

వాల్తేరులో వృక్షశాస్త్రం ఎమ్మెస్సీ చేసి, డాక్టరు హరనాథ్‌ను పెళ్లాడి నేపర్‌విల్ వచ్చిన మనిషి ఆవిడ. రోజూ రైలెక్కి షికాగో వెళ్లి, ఒక చిన్న ప్రైవేటు లైబ్రరీలో పాత పుస్తకాలు బాగుచేసేది. అక్కడి పై అధికారి పేరు కెల్లర్. చదువుకున్న మూర్ఖుడు.

ఒకనాడు నాలుగు సంపుటాల పాత చైనా వైద్యగ్రంథం వచ్చింది. కాగితాలన్నీ పసుప్పచ్చగా ఉన్నాయి. అదంతా మురికేనని తేల్చేశాడు కెల్లర్. ఎగ్జిబిషన్‌కు ముందే కుట్లు విప్పి, ప్రతి కాగితాన్నీ నీళ్లలో కడిగి తెల్లగా చెయ్యమన్నాడు. వసుమతి మొదటి సంపుటంలోని ఒక కాగితం తొట్టిలో ముంచగానే నీళ్లు పసుపు నీళ్లయిపోయాయి. అనుమానమొచ్చి వేలు ముంచి నాలుకకు రాసుకుంది. కటిక చేదు. మానుపసుపు చెక్క చేదులాంటిదే.

పక్క బల్ల దగ్గర పట్టుబట్టలు బాగుచేసే చైనా ఆవిడ మిసెస్ లిన్‌ను అడిగింది. తమ దేశంలో ఒక చెట్టు బెరడు రసంతో కాగితానికి ఆ రంగు వేస్తారనీ, ఆ చేదుకు పురుగు దరిచేరదనీ ఆవిడ చెప్పింది. పట్టుచీరల పెట్టెలో వసకొమ్ములు వేసే అమ్మమ్మ గుర్తొచ్చింది వసుమతికి. చేతిలోని తడికాగితం చూసుకుంటే తన మీద తనకే అసహ్యమేసింది.

కెల్లర్‌తో చెబితే నవ్వాడు. నాటువైద్యం కబుర్లు లంచ్‌రూమ్‌లో చెప్పుకోమన్నాడు. మిగతావాళ్ల చేత మూడు సంపుటాలు కడిగించి, నాలుగోది ఆవిడకు అప్పగించాడు.

“జాబ్ పోతుంది వసూ. వాష్ చెయ్యమన్నాడు, చేసెయ్. నీకెందుకు?” అన్నాడు హరనాథ్ ఇంట్లో.

“పేషెంట్‌కి చెరుపు చేస్తుందని తెలిసీ, బాస్ చెప్పాడని ఆ మందు ఇచ్చేస్తారా మీరు?”

మర్నాడు వసుమతి రిజిస్టరులో ‘కడిగాను’ అని రాసి, నాలుగో సంపుటాన్ని కడక్కుండానే పెట్టెలో పెట్టి మూసేసింది.

ఎగ్జిబిషన్ రెండేళ్లు వాయిదా పడింది. తీరా మొదటి మూడు పెట్టెలు తెరిస్తే కడిగిన సంపుటాలన్నీ పురుగు తిని జల్లెడలయ్యాయి. వసుమతి తెచ్చుకునే కూరల వాసనకే పురుగులు చేరాయని అందరి ముందూ అరిచాడు కెల్లర్. నోరు మూసుకుంటే ఉద్యోగం నిలిచేది. ఆవిడ నాలుగో పెట్టె తెచ్చి, అతని ముందు ధన్‌మని పెట్టి తెరిచింది. పసుప్పచ్చటి కాగితాలు. ఒక్క చిల్లు లేదు.

“ఇది నేను కడగలేదు. రిజిస్టరులో అబద్ధం రాశాను,” అంది.

ఆ అబద్ధం రాసినందుకే ఆ సాయంత్రం ఉద్యోగం ఊడింది. పుస్తకాలు పాడుచేసినవాడి ఉద్యోగం భద్రంగా ఉంది.

నెల తర్వాత టిక్కెట్టు కొనుక్కుని ఎగ్జిబిషన్‌కు వెళ్లింది. అద్దాల పెట్టెలో నాలుగో సంపుటం ఒక్కటే ఉంది. కింద చీటీ మీద ‘సంరక్షణ: కెల్లర్’ అని అచ్చు వేశారు. ఆవిడకు ఒళ్లు మండిపోయింది. గుమ్మం దగ్గరున్న సందర్శకుల పుస్తకం లాక్కుని పేజీ నిండా పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది:

“మిగతా మూడూ ఏవని కెల్లర్‌ను అడగండి. అతను కడిగించాడు. దీన్ని నేను కడగలేదు. వసుమతి, నేపర్‌విల్.”