రాములక్క జాగాలో కూర్చున్నందుకు

పోయిన వారం బేతంచెర్ల బజారులో ఆకుపచ్చ గౌను తొడుక్కుని, నొసటన ప్లాస్టరు ముక్కతో, కరెంటు స్తంభానికి దండం పెట్టి దారి అడిగిన మనిషిని చూశామని ఎవరైనా మీకు చెబితే నమ్మండి. అది నేనే.

విదేశీ కంటి డాక్టర్ల బృందం ఒకటి ఏటా బేతంచెర్లకు వచ్చి ఉచితంగా ఆపరేషన్లు చేస్తుంది. పనిలో పనిగా ఇక్కడి నర్సులకు ట్రైనింగు కూడా ఇస్తుంది. బృందానికి పెద్ద ఒక డాక్టరమ్మ. ఆమెకు తెలుగు రాదు, ఆమె ఇంగ్లీషు నర్సులకు అందదు. పత్రికలో చాలా ఏళ్లు పనిచేసినవాడినని మధ్యలో దుబాసీగా నన్ను పిలిచారు. పిలిచారంటున్నాను గానీ, నేనే పోయి నిలబడ్డాను.

పొద్దున ట్రైనింగులో డాక్టరమ్మ చెప్పింది చిన్న మాట. ఆపరేషన్ గది దాకా వచ్చిన పేషెంట్లు భయంతో లేచి వెళ్లిపోతున్నారు, కాస్త చెయ్యి పట్టుకుని ధైర్యం చెప్పండి అని. ఇంత చప్పగా చెబితే ఎవరికి ఎక్కుతుంది? నేను మసాలా దట్టించాను. "మేము పేషెంట్లమే కాదంటారు. ఎవరినో చూడటానికి వచ్చామంటారు. పెద్ద ఆఫీసర్లమంటారు. ఒక్క మాట నమ్మొద్దు. పట్టిన చెయ్యి వదలొద్దు." నర్సులు శ్రద్ధగా తలలూపారు. తను చెప్పిన ఒక్క వాక్యం తెలుగులో ఇంత పొడుగు ఎలా అయిందని డాక్టరమ్మ అడిగింది. మా భాష అంతేనన్నాను.

మధ్యాహ్నం, ఆపరేషన్ గది బయట బెంచీ మీద ఉన్నవాళ్లతో మాట్లాడి పత్రికకు ఏదైనా రాద్దామనుకున్నాను. అక్కడికి పోవాలంటే గౌను, టోపీ, మాస్కు తప్పనిసరి. సిబ్బంది నీలం గౌన్లన్నీ అప్పటికే క్యాంపుకు డబ్బిచ్చిన దాతలు ఫోటోల కోసం తొడిగేసుకున్నారు. ఒకాయన గౌను మీద శాలువా కూడా కప్పించుకున్నాడు. మిగిలింది పేషెంట్ల ఆకుపచ్చ గౌను. అదే నాకిచ్చారు.

బెంచీ మీద తలుపు పక్కన రాములక్క కూర్చుని ఉంది. నాపరాళ్ల గనుల దగ్గరి పల్లె ఆమెది. కుడి కన్ను ఎప్పుడో పోయింది. ఎడమ కంటిలో శుక్లం ముదిరి మనిషి ఆకారం తప్ప ముఖం తెలియడం లేదు. కోడలు పొయ్యి దగ్గరికి రానివ్వడం మానేసింది. క్యాంపులో ఆఖరి ఆపరేషన్ ఆమెదే. అది తప్పితే మళ్లీ ఏడాది దాకా గోడలు తడుముకోవాల్సిందే.

నీళ్లు తాగొస్తానని ఆమె లేచింది. "నా జాగా పోకుండా చూస్తాండప్పా" అని నాతో అంది.

జాగా ఆపడానికి మనకు తెలిసిన పద్ధతి ఒకటే, బస్సు సీటు మీద తువ్వాలు వేసినట్టు. నా దగ్గర తువ్వాలు లేదు. నేనే జరిగి కూర్చున్నాను.

కొత్త నర్సు షాహిదా చుక్కల మందుతో వచ్చింది. తలుపు పక్కనున్న పేషెంటుకు చుక్కలు వేసి, ఆపరేషన్ చేయాల్సిన కన్ను ఇదని గుర్తుగా ఎడమ కంటి పైన ప్లాస్టరు అంటించమని ఆమెను పంపారు. వచ్చీ రాగానే నా తల వెనక్కి వంచింది. నేను పేషెంటును కానన్నాను.

"తెలుసులే తాతా. భయపడాకు."

విలేకరినన్నాను. పైకి చూడమంది. రెండు కళ్లలోనూ చుక్కలు పడ్డాయి. పొద్దున మీకు తెలుగులో చెప్పింది నేనేనమ్మా అన్నాను.

ఆమె నా చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. "ఆ సారు శానా బాగా చెప్పినాడు తాతా. మీరు ఇట్లనే మాట్లాడతారని ముందే చెప్పినోడు ఆయనొక్కడే."

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇంత మంచి మెప్పు నాకెప్పుడూ దొరకలేదు.

చుక్కల మీద చుక్కలు వేసి, నొసటన ప్లాస్టరు అంటించి లోపలికి నడిపించారు. ఆపరేషన్ బల్ల దగ్గర మాస్కు తీయగానే డాక్టరమ్మ గుర్తుపట్టి పగలబడి నవ్వింది. వెంటనే నవ్వు ఆపి, రాములక్క ఎక్కడని అడిగింది. నీళ్ల కుళాయి దగ్గర లేదు. తన బదులు ఇంకొకాయన కూర్చున్నాడని వాచ్‌మన్‌కు చెప్పి నిశ్చింతగా గేటు దాటిందట. సామాన్లు సర్దేదాకా ఆగుతానంది డాక్టరమ్మ. రాములక్క జాగాలో కూర్చున్న పాపం నాది కాబట్టి, పిలుచుకొస్తానని బయటికి ఉరికాను.

చుక్కల మందు పడిన కళ్లు వెలుతురును ఓర్వలేవు. బేతంచెర్లలో రోడ్డు పొడుగునా పాలిష్ పట్టిన బండలు నిలబెట్టి ఉంటాయి. బండకొక సూర్యుడు. లోకమంతా తెల్లటి మంట. పేరు పెట్టి పిలిస్తే దాక్కుంటుందని నోరు మూసుకునే వెతికాను. స్తంభంతో మాట్లాడింది అప్పుడే. క్యాంపు నుంచి తప్పించుకున్నట్లుండాడని ఎవరో ఆటోవాళ్లు అనుకోవడం వినిపించింది.

ఇంతలో ఎవరో నా మోచెయ్యి పట్టుకున్నారు.

"ఏమప్పా, కండ్లు కనపడవా? యాడికి పోతాండావు?"

రాములక్క గొంతు. బెంచీ మీద మాస్కులోంచి మాట్లాడిన నన్ను ఆమె పోల్చుకోలేదు, గౌను రంగు మాత్రం తెలిసింది. నిజం చెబితే పారిపోతుంది. క్యాంపుకు పోవాలి, దారి కనపడటం లేదన్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

"నేను ఆన్నుంచే వస్తాండా. నాకు భయమేసింది. నీ గతి నాకంటే అన్యాయంగా ఉండాది. పా, దిగబెట్టొస్తా."

మసక కంటితో ఆమె నన్ను నడిపించింది. బండల లారీ వస్తే పక్కకు లాగింది. గేటు దగ్గర వదిలిపెట్టబోతే మెట్లు కనపడవని లోపలిదాకా తీసుకుపోయాను. అక్కడ అందరూ ఆమెను చుట్టుముట్టి బతిమాలారు. రాములక్క నా వైపు చెయ్యి చూపింది. "ఈయప్పకు చుక్కలేసి సగంలో వదిలేసినట్ల నాకు చేయకుంటేనే కూర్చుంటా" అంది. ఎవరూ అలా చేయరని డాక్టరమ్మ తరఫున నేనే మాటిచ్చాను.

మర్నాడు బృందం బయల్దేరేముందు రాములక్క కంటి కట్టు విప్పారు. దాతలు వరసలో నిలబడ్డారు, కెమెరాలు సిద్ధం. రాములక్క డాక్టరమ్మను చూసింది, షాహిదాను చూసింది, ఆ తర్వాత నన్ను కిందినుంచి పైదాకా చూసింది. కనపడుతోందా అని నేను అడగగానే, గౌను లేకున్నా గొంతును బట్టి పోల్చుకుంది.

"కంటికి కట్టే లేదు, ఈయప్పకు చేయకనే పోతాండారా? ఇంత దూరం వచ్చినారు, పాపం, ఈయప్పకూ చేసి పోండి."

ఏమంటోందని డాక్టరమ్మ నా వైపు తిరిగింది. మీ అందరికీ దండాలు చెబుతోందని ఇంగ్లీషులో చెప్పాను. చప్పట్లు మోగాయి. రాములక్క కూడా కొట్టింది, నా ఆపరేషన్‌కు ఒప్పుకున్నారనుకుని.