తెల్లావిడ కోసం వేసిన గట్టు

మొన్న మా ఊరి సచివాలయంలో కొత్త పాస్‌బుక్కులు ఇస్తున్నారంటే వెళ్ళాను. బల్ల వెనక కూర్చున్న అమ్మాయి నా నెరిసిన జుట్టు చూసి, అడక్కుండానే వేలిముద్ర కోసం సిరా డబ్బా నా ముందుకు తోసింది. నేను దాన్ని వెనక్కి తోసి పెన్ను అడిగాను. నా సంతకానికి కొంచెం సేపు పడుతుంది. వెనక నిలబడ్డవాళ్ళు గొణిగారు, గొణగనీ. యాభై దాటాక పాస్టరమ్మ గారి దగ్గర మధ్యాహ్నాలు కూర్చుని నేర్చుకున్న అక్షరాలవి, పరుగెత్తమంటే ఎక్కడ పరుగెత్తుతాయి? సంతకం పెట్టి, పుస్తకం తెరిచి, నా పేరు పక్కన ఉన్నది చదువుకున్నాను. యాభై తొమ్మిదిన్నర సెంట్లు. మా నాన్న కొనిచ్చింది అరవై. ఆ అర సెంటు ఎవరూ కాజెయ్యలేదు, నేనే ఇచ్చాను. ఇవ్వాల్సిన అవసరం లేకుండా ఇచ్చాను.

మాది కొల్లేటి ఒడ్డు ఊరు. నన్ను పెంటపాడు నుంచి ఇక్కడికి ఇచ్చినప్పుడు, మా నాన్న ఇక్కడే ఈ అరవై సెంట్లు కొని నా పేర రాయించాడు. మా ఆయనకి చేలున్నా, నాది అని చెప్పుకోవడానికి నాకున్నది ఈ నేల చెక్క ఒక్కటే. దాని పక్క చేను మా తోటికోడలిది. రెంటికీ మధ్య గట్టు. మా వైపు నాట్లకి చేను దమ్ము చేసే ముందు గట్టు చెక్కుతారు. అంచున పెరిగిన గడ్డీ, ఎలుక బొక్కలూ పారతో చెక్కేసి, మళ్ళీ బురదతో మెత్తాలి. ఎంత చెక్కితే అంత మెత్తడం ధర్మం. ఆవిడ మెత్తేది కాదు. నేనూ మెత్తేదాన్ని కాదు. ముప్పై ఏళ్ళు అటునుంచి ఆవిడా, ఇటునుంచి నేనూ చెక్కేసరికి, ఆ గట్టు మీద ఎండ్రకాయ ఎదురొస్తే మనిషే చేలోకి దిగి దారివ్వాల్సిన స్థితికి వచ్చింది. అంతా మర్యాదగానే జరిగేది. నా మట్టి తన చేలోకి లాక్కుంటూ కూడా, “అక్కయ్యా, కాఫీ తాగారా అండీ?” అని అడిగేది.

అలాంటి రోజుల్లో, పై దేశం వాళ్ళెవరో మన భూముల కాగితాలు సరిచెయ్యడానికి సాయం చేస్తున్నారనీ, మిషన్లతో కొలుస్తారనీ, కొలతలు మా ఊళ్ళోనే మొదలనీ కబురొచ్చింది. చూడ్డానికి ఆ దేశం నుంచి ఒకావిడ స్వయంగా వస్తుందట.

“మన గట్లు మనం చూసుకోలేక సముద్రం అవతలి వాళ్ళని పిలిచామా?” అన్నాను.

“మీరలా అనకూడదు అక్కయ్య గారూ. అంత దూరం నుంచి వస్తున్నారండి, పాపం,” అన్నారు మా ప్రెసిడెంటు గారు.

రోడ్డు పక్కన మొదటి చేలు మావే. ప్రెసిడెంటు గారు మా గట్టు చూసి నీరుగారిపోయారు. ఆవిడ బూట్లేసుకుని దాని మీద నడిస్తే ఊరి పరువు బురదలో పడుతుందన్నారు. మర్నాడు పదిమంది పారలతో దిగారు. తోటికోడలి చేలో అప్పటికే నాట్లు పడ్డాయి. నాది దమ్ము చేసి ఖాళీగా ఉంది. అందుకని పెంచిందంతా నా వైపే పెంచారు. ఆరడుగుల వెడల్పు గట్టు లేచింది. పైన ఇసక పోశారు. ఎవరో మరీ ముచ్చటపడి రెండంచులా సున్నం గీత కూడా గీశారు. నేను నోరు విప్పబోతే మా ఆయన, “రెండ్రోజులే కదే. చుట్టాలు వెళ్ళాక చెక్కేసుకుందాం,” అన్నాడు.

తెల్లావిడ వచ్చింది. ఎర్రగా, పొడుగ్గా, మంచి మనిషి. గట్టు మీద చక్కగా నడిచింది, కొబ్బరి బొండం తాగింది. వెనకాలే సర్వే వాళ్ళు కర్రకి టోపీ పెట్టినట్టున్న మిషను పట్టుకుని, సున్నం గీత ఎక్కడుంటే అక్కడ ఆనించుకుంటూ పోయారు. మేమంతా చేతులు కట్టుకుని నవ్వుతూ చూశాం. కొలుస్తున్నది ఆవిడ కోసం వేసిన గట్టునని ఒక్కరికీ తట్టలేదు.

ఆవిడ మళ్ళీ వస్తుందని ప్రెసిడెంటు గారు గట్టు చెక్కనివ్వలేదు. కొన్నాళ్ళకి పంచాయతీ ఆఫీసు గోడకి కొలతల జాబితా అంటించారు. ఊళ్ళో చదువుకున్నవాళ్ళెవరూ దాన్ని చదవలేదు. చదవడం వచ్చు కదా అన్న ధీమా వాళ్ళది. నేను వేలు పెట్టి, ఒక్కో వరుసా కూడబలుక్కుంటూ, ఎండలో నిలబడి చదివాను. నా పేరు దొరికింది. పక్కన యాభై ఏడున్నర సెంట్లు. మిగతాది ఏమైందా అని పక్కన అంటించిన పటం చూస్తే, మా రెండు చేల మధ్య సర్కారు దారి పడుంది. రోడ్డు దగ్గర మొదలై, నేరుగా వెళ్ళి పంట కాలవలో దిగి ఆగిపోయింది.

అభ్యంతరాలు చెప్పుకోమని మీటింగు పెట్టారు. తెల్లావిడ మళ్ళీ వచ్చింది. ఆవిడ మాటలు మాకూ, మా మాటలు ఆవిడకీ చెప్పడానికి ఏలూరు నుంచి ఒక ఇంగ్లీషు మేష్టారు వచ్చారు. కొలతలు ఎలా ఉన్నాయని అడిగితే ఊరంతా, “చాలా బాగున్నాయండి,” అంది. ఇంటికొచ్చిన మనిషికి తప్పు చూపించడం మా వైపు ఉండదు. నేను లేచాను.

“అది దారి కాదండీ. ఆవిడ కాలు జారకుండా వేసిన గట్టు. నా రెండున్నర సెంట్లు దాని కింద ఉన్నాయి. ఆవిడతో చెప్పండి.”

మేష్టారు నవ్వుతూ ఆవిడతో ఏదో చాలాసేపు చెప్పారు. ఆవిడ నాకు రెండు చేతులూ జోడించింది.

“ఏం చెప్పారండీ?” అన్నాను.

“మీరు చాలా సంతోషించారని చెప్పానండి,” అన్నారాయన.

ఇక లాభం లేదని ఆవిడ చెయ్యి పట్టుకుని చేనికి తీసుకుపోయాను. ఊరంతా వెనకే. గట్టు మీద నడిపించాను, చివర కాలవ వచ్చింది. ఆవిడ కాలవ చూసింది, చేతిలో పటం చూసింది, తన బూట్లు చూసుకుంది. తర్వాత పడీ పడీ నవ్వింది. మేష్టారు మాట్లాడాల్సిన పని లేకపోయింది.

సర్వేయరు గారు కాగితం తీసి, “సరే అమ్మా, ఈ దారి కొట్టేస్తాను. అసలు గట్టు ఎక్కడి నుంచి ఎక్కడికి? మీరిద్దరూ చెరో పుల్లా గుచ్చండి,” అన్నారు.

చిక్కంతా అక్కడే వచ్చింది. అసలు గట్టు మేమిద్దరం కలిసి తినేశాం. ఊరంతా చూస్తోంది, పరాయి దేశపు మనిషి చూస్తోంది. తోటికోడలు నన్ను చూసి, తలొంచుకుని, తన నాట్లలోకి దిగింది. తన వైపు జానెడు లోపలికి వెళ్ళి పుల్ల గుచ్చింది. “అక్కయ్య గారిది నా దగ్గర కాస్త ఉందండి,” అంది సర్వేయరు గారితో. పదిమందిలో ఆ మాట అన్నాక నేను ఊరుకుంటానా? పాత అంచు మీద గుచ్చబోయిన పుల్లని పీకి, నా చేలోకి మరో జానెడు జరిగి గుచ్చాను. “దాందీ నా దగ్గరుందండి,” అన్నాను. ఆవిడ ఇంకాస్త వెనక్కి జరగబోయింది. నేనూ జరిగాను.

“ఆగండమ్మా, ఆగండి,” అన్నారు సర్వేయరు గారు. “ఇన్నేళ్ళ సర్వీసులో గట్టు కోసం తలలు పగలగొట్టుకున్నవాళ్ళని చూశాను. నాకొద్దంటే నాకొద్దని పారిపోయేవాళ్ళని మిమ్మల్నే చూశాను.”

పుల్లల మధ్య మూడడుగులు తేలింది. అదే గట్టని రాసుకున్నారు. దారి కొట్టేశారు. పోయిన రెండున్నరలో రెండు సెంట్లు వెనక్కొచ్చాయి. అర సెంటు నా పుల్ల కింద పోయింది, తోటికోడలిదీ అంతే. ఆ రాత్రి మా ఆయన అన్నం తింటూ, “గెలిచావా, ఓడావా?” అని అడిగాడు. ఇంకో ముద్ద కూర వేశాను.

ఆ తర్వాత ఆ గట్టు ఎవరమూ తినలేదు. చెక్కినా తీసినంత మెత్తాం. ఇప్పుడు రెండు చేలూ కౌలుకిచ్చేశాం. కోతల ముందు ఒకసారి చూసొద్దామని మొన్న మా తోటికోడల్ని పిలిస్తే, మోకాళ్ళు లేవట్లేదు అక్కయ్యా అంది. నావీ లేవట్లేదు. ఇద్దరు ఆడవాళ్ళు పక్కపక్కన నడిచేంత చోటు మా మధ్య కుదరడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. నడవడానికి మాత్రం కాలం మాకు అన్నేళ్ళు ఇవ్వలేదు.