లగేజీ త్రాసుతో తూచిన తుపాకీ

మొన్న అలమార సర్దుతుంటే, సూట్‌కేసులు తగిలించి తూచే చిన్న కొక్కెం త్రాసు చేతికి దొరికింది. పారేద్దామని చెత్తబుట్ట దాకా వెళ్లి, మళ్లీ తెచ్చి సొరుగులో పడేశాను. అప్పటినుంచి ఏ పని మీదా మనసు నిలవడం లేదు.

అది మాది కాదు. వాంకూవర్‌లో ఏ బేస్‌మెంట్ తలుపు తట్టినా చదువుకోవడానికొచ్చిన మన పిల్లలే తీసే రోజుల్లో, మా కింద అద్దెకున్న కరీంనగర్ అమ్మాయిది. మీకూ గుర్తుండే ఉంటుంది, కుక్కర్ తీసి కోటు పెట్టి, కోటు తీసి పచ్చడి పెట్టి, బరువు తగ్గితే గెలిచినట్టు సంబరపడి విమానమెక్కిన వాళ్లం మనం. ఆ బుద్ధే నన్ను ముంచింది.

మావారికి ఎల్క్ వేట పిచ్చి. ఎల్క్ అంటే గుర్రమంత దుప్పి. నాలుగేళ్లు కొండల్లో తిరిగినా ఒక్కటీ చిక్కలేదు, ఈలోగా మోకాళ్లు మొరాయించాయి, కొండలెక్కడానికి ఇదే ఆఖరు ఏడాదని డాక్టరు తేల్చేశాడు. తుపాకీ మోస్తూ ఆయన ఎక్కలేరు గనుక, నేను మోసి నేనే కాల్చాలని నిర్ణయించుకున్నాం. లైసెన్సు నాకూ ఉంది, గురి ఆయనకన్నా నయం. ఇక తేలికైన తుపాకీ కొనాలి. కింది అమ్మాయిని త్రాసు అడిగితే, "తుపాకీ గూడ తూస్తరా ఆంటీ దీంతోని?" అని నవ్వింది. తుపాకుల కొట్లో ఒక్కోదాన్నీ పట్టీతో కొక్కేనికి తగిలించి తూచాను. మరీ తేలికది పేల్చగానే భుజాన్ని వెనక్కి గట్టిగా తంతుందని, కాస్త బరువున్నదే మేలని కొట్టాయన చెబుతూనే ఉన్నాడు. నేను వింటేగా. అన్నిటికన్నా తేలికదే తెచ్చుకున్నాను.

ప్రాక్టీసులో మూడు తూటాలకే భుజం కమిలిపోయింది. మావారు అడిగితే బాగానే ఉందన్నాను. తప్పు ఒప్పుకోవడానికి నోరు రాక, ఏవో వంకలు చెప్పి మళ్లీ ప్రాక్టీసు వైపే పోలేదు.

కొండల్లో మూడో రోజు పొద్దున, ఆయన కర్ర ఊతంతో మలుపు మలుపుకీ ఆగుతూ పైకి వచ్చేసరికి, ఎదురుగా మంచు పట్టిన గడ్డిలో కొమ్ముల ఎల్క్ అడ్డంగా నిలబడి ఉంది. అంత దగ్గరగా మేమెప్పుడూ చూడలేదు. ఆయన ఊపిరి బిగబట్టి నా వైపు చూశారు. గురి కుదిరింది, కానీ ట్రిగ్గర్ నొక్కే క్షణంలో ఆ తన్ను గుర్తొచ్చి కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఉత్త గడ్డి మిగిలింది. నెత్తురు చుక్క కోసం గంటసేపు వెతికాం, తూటా తగలనే లేదు.

గాలి తోసేసిందేమో అన్నారాయన. నేనూ అదే అన్నాను. సాయంత్రం గుడారంలో, నేనేమీ చెప్పకుండానే నా చొక్కా భుజం పక్కకి జరిపి, సరిగ్గా కమిలిన చోటే మందు రాశారు. ఆ తరువాత ఇన్నేళ్లలో ఒక్క మాటా అడగలేదు. తిట్టి ఉంటే నాకు ఈ అవస్థ ఉండేది కాదు.

ఇప్పుడు బేస్‌మెంట్ ఖాళీ. పీఆర్, అంటే ఇక్కడే స్థిరపడే అనుమతి, రాగానే ఆ అమ్మాయి దూరాన ఉన్న సస్కటూన్ నగరానికి వెళ్లిపోయింది, కొత్తగా వచ్చే పిల్లలూ తగ్గారు. ఆకులు పసుపెక్కే వేళకు మావారు కిటికీ దగ్గర కూర్చుని కొండల వైపు చూస్తుంటారు, నేను గదిలోకి వస్తే టీవీ పెడతారు. ఆనాడు ఇంకో కిలో మోయడానికి లెక్కలు చూసుకున్న మనిషిని, ఇవాళ పది కిలోలైనా మోస్తాను, పక్కన ఆయన నడిచి రాగలిగితే.