సైదులు సార్ దాచిన నకళ్లు

ఆదివారం పొద్దున సూర్యాపేటలో మా ఇంటి కంప్యూటర్‌కు నకళ్లు ఎక్కించే డిస్కు తగిలించి, దాని మీద అరచేయి ఆనిస్తాను. లోపలి సన్నని వణుకు చేతికి తెలుస్తుంది; కాసేపటికి అది వెచ్చబడుతుంది. ఆ వెచ్చదనం తగలగానే నాకు సైదులు సార్ గుర్తుకొస్తారు. మిర్యాలగూడలో ఆయన తన ఇంటి ముందు గదినే స్టూడియో చేసుకుని పెళ్లి వీడియోలు తీసేవారు. డిగ్రీ అయ్యాక ఏ ఉద్యోగమూ దొరకని రోజుల్లో నేను ఆయన దగ్గర ఎడిటింగ్ పనికి చేరాను.

పనికన్నా ముందు ఆయన నాకు నేర్పింది నకళ్లు తీయడం. నెలకోసారి కంప్యూటర్‌లో ఉన్నదంతా ఒక డిస్కులోకి ఎక్కించి, కోదాడలో వాళ్ల అక్క ఇంట్లో పెట్టి వచ్చేవారు. అది ఫుల్ బ్యాకప్. రోజూ సాయంత్రం మాత్రం ఆ రోజు కొత్తగా చేరినవీ, మారినవీ ఇంకో డిస్కులోకి వెళ్లేవి.

"రోజూ అంతా ఎక్కిస్తే ఎప్పటికి అయితది స్వరూపా? కొత్తయి ఎక్కిస్తే సాలు. కానీ ఇది గొలుసు లెక్క. నడుమ ఒక్కటి తెగితే ఆ తర్వాతయి చేతికి రావు. అందుకే ఎక్కించుడే కాదు, తెరిచి సూడాలె."

"అంత దూరం కోదాడ ఎందుకు సార్? పక్కింట్ల పెట్టొచ్చు గదా?"

"ఈడ ఏమన్న అయితే ఆడ మిగుల్తది" అన్నారు.

ఒక ఎండాకాలం గాలిదుమారంతో వాన వచ్చి, దగ్గర్లో పిడుగు పడింది. కంప్యూటర్ మాడిపోయింది. సార్ బస్సెక్కి కోదాడ వెళ్లి డిస్కు తెచ్చారు. కొత్త కంప్యూటర్‌లోకి ముందు దాన్ని దింపి, తర్వాత బీరువాలో ఉన్న రెండో డిస్కు నుంచి ఒక్కో రోజుదీ వరుసగా ఎక్కించసాగాం. పోయాయనుకున్న పెళ్లిళ్లు ఒక్కొక్కటే తిరిగి వస్తుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో ఒక రోజు నకలు దగ్గర పని ఆగిపోయింది. అది పాడైంది. దాని తర్వాతవేవీ తెరుచుకోలేదు. ఆ వారం భార్యను దవాఖానలో చేర్పించి తిరుగుతూ, సార్ నకళ్లను తెరిచి చూడనేలేదు.

పోయినవాటిలో వేములపల్లి పెళ్లి ఉంది. జీవితమంతా గొర్లు కాసిన మల్లయ్య తాత, అప్పగింతల వేళ మనవరాలి చేయి పట్టుకుని పాట పాడిన పెళ్లి అది. ఆ తర్వాత కొద్ది రోజులకే ఆయన చనిపోయారు. ఆ పాట కోసమే ఇంటివాళ్లు వీడియో ఎప్పుడిస్తారని అడుగుతున్నారు.

"ఫోన్ చేసి చెప్దామా సార్?" అన్నాను.

"ఫోన్ల జెప్పే మాటనా అది? పోదాం పా."

వేములపల్లిలో మల్లయ్య భార్య ఎల్లమ్మ మంచంలో కూర్చుని ఉంది. సార్ నిలబడే చెప్పారు: "అమ్మా, మీ మనవరాలి పెళ్లి వీడియో పోయింది. పిడుగు వడ్డది నిజమే. కానీ తెరిచి సూసుకోక పోగొట్టింది నేనే."

కొడుకు విసురుగా లేచాడు. "మా నాయిన మళ్లొచ్చి పాడుతడా?"

సార్ తల వంచుకుని అక్కడే నిలబడ్డారు. ఎల్లమ్మ మంచం అంచు చూపించింది. "ఇంటికొచ్చి జెప్పినవ్ గద బిడ్డా. కూసో."

సార్ కూర్చున్నారు. పెళ్లికి ఎవరెవరు వచ్చారో, ఎవరి చేతిలో ఫోన్ ఉందో అడిగారు. పనులన్నీ పక్కన పెట్టి ఆ చుట్టాల ఇళ్లన్నీ తిరిగారు. చివరికి దామరచర్లలో కరెంటు ప్లాంటు పనికి వెళ్లే ఒకాయన ఫోన్‌లో చిన్న ముక్క దొరికింది. జనం భుజాల వెనక నుంచి తీసింది. ముఖం సగమే కనిపిస్తుంది. డప్పుల మోతలో ఒక్క చరణమే వినిపిస్తుంది. ఎల్లమ్మ ఫోన్‌ను చెవికి ఆనించుకుని కళ్లు మూసుకుంది.

"ఆయన గొంతే. ఇగో, ఈ కాడ దగ్గుతడు" అని, ఆ దగ్గు కోసమే మళ్లీ మళ్లీ పెట్టించుకుంది. సార్ ఆ గదిలో ఉండలేక వాకిట్లోకి వెళ్లి నిలబడ్డారు.

పోయినదాన్ని పోయిందని ఎదుటికి వెళ్లి చెప్పడమూ, చెప్పాక చేతులు దులుపుకోకపోవడమూ ఆ రోజుల్లోనే నాకు తెలిశాయి. నకళ్లు ఎంత పకడ్బందీగా తీసినా ఎప్పుడో ఒకటి చేజారుతుంది. అప్పుడు ఏం చేయాలో ఏ డిస్కూ చెప్పదు.

సార్ ఇప్పుడు లేరు. ఆయన పోయాక కూతురు ఫోన్ చేసి, "అక్కా, నాయిన వీడియో ఏమన్న ఉన్నదా?" అని అడిగింది. నా దగ్గర నకళ్లున్న పాత పెళ్లిళ్లన్నీ వెతికాను. ఎప్పుడూ కెమెరా వెనకే ఉన్న మనిషి, ఒక్క చోటా కనిపించలేదు. కానీ చెవిపెట్టి వింటే ప్రతి పెళ్లిలోనూ ఉన్నారు. "జర ఇటు సూడు బిడ్డా." "ఆ మూలకున్న అవ్వను ముందుకు తీసుకరాన్రి, కనవడ్తలేదు." ఆ మాటలన్నీ ఏరి, ఒక్కచోట చేర్చి ఆమెకు ఇచ్చాను.

మొన్న ఒక పెళ్లిలో నేనే కెమెరా పట్టుకున్నాను. గుంపు వెనక, గోడవారగా ఒక ముసలామె ఒంటరిగా నిలబడి ఉంది. "అవ్వను ముందుకు తీసుకరాన్రి" అన్నాను. నా నోట వచ్చింది సార్ మాటే. ఆమె వచ్చి నిలబడ్డాకే వీడియో మొదలుపెట్టాను.